మ్లాదిచ్‌ను అప్పగించిన సెర్బియా, అతను చేసింది మాత్రం ఎందుకు ఒప్పుకోదు?

నల్లరేగడి:
బోస్నియా యుద్ధం గురించి చదువుతుంటే ఒక విషయం మింగుడు పడటం లేదండి. 1995 జులైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో బోస్నియా సెర్బుల సైన్యం 8,000 మందికి పైగా బోస్నియా ముస్లిం మగవాళ్లను, అబ్బాయిలను చంపేసింది. అది జాతి నిర్మూలనే అని హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 2007లో చెప్పింది. ఆ సైన్యాన్ని నడిపిన జనరల్ మ్లాదిచ్‌ను 2011లో సెర్బియానే పట్టుకుని యుద్ధ నేరాల ట్రిబ్యునల్‌కి అప్పగించింది, యావజ్జీవం పడింది. ఇంత జరిగాక, 2024లో జులై 11ని స్మారక దినంగా ప్రకటిద్దామని ఐక్యరాజ్యసమితిలో తీర్మానం పెడితే సెర్బియా అధ్యక్షుడు వుచిచ్ న్యూయార్క్ వెళ్లి మరీ దాన్ని అడ్డుకోవాలని చూశాడు. ఇంతకీ తీర్పుని ఒప్పుకున్నట్టా, లేనట్టా?

కృష్ణలంక:
2007 తీర్పులోనే దీనికి సగం జవాబు ఉంది. స్రెబ్రెనిత్సాలో జరిగింది జాతి నిర్మూలన అన్నారు, కానీ చేసింది బోస్నియా సెర్బుల సైన్యం, దానికి సెర్బియా రాజ్యం నేరుగా బాధ్యురాలు అనడానికి రుజువు చాలదన్నారు. ఆపగలిగే పలుకుబడి ఉండీ ఆపలేదు, మ్లాదిచ్‌ను అప్పగించలేదు, ఈ రెండూ సెర్బియా తప్పులే అన్నారు, నష్టపరిహారం మాత్రం ఇప్పించలేదు. అప్పటినుంచి సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ 'మేం చేయలేదని కోర్టే చెప్పింది' అన్న ముక్క పట్టుకుంది, మిగతాది వదిలేసింది. అప్పటి అధ్యక్షుడు టాడిచ్ మాత్రం పార్లమెంటు ఈ నేరాన్ని ఖండించాలని అడిగాడు, అది నిజంగా ధైర్యమే. ఆ తీర్మానం మూడేళ్లకు, 2010 మార్చిలో వచ్చింది. 250 మంది సభలో 127 ఓట్లతో గట్టెక్కింది. క్షమాపణ ఉంది, న్యాయస్థానం తీర్పు ప్రస్తావన ఉంది, జాతి నిర్మూలన అన్న మాట లేదు. ఆ మాట పెడితే అసలు నెగ్గేదే కాదు.

మంజీర తీరం:
అప్పగించడం వేరు, ఒప్పుకోవడం వేరు బ్రదర్. బోస్నియా యుద్ధకాలంలో సెర్బియాను ఏలిన మిలోషెవిచ్‌ను హేగ్ పంపింది 2001 జూన్ 28న, మర్నాడే బ్రస్సెల్స్‌లో యుగోస్లావియాకి (సెర్బియా అప్పుడు అందులో భాగం) సాయం చేసే దేశాల సమావేశం. యుగోస్లావియా అధ్యక్షుడు కొస్తునీత్సా తనకు తెలియకుండా జరిగిందన్నాడు, పంపింది సెర్బియా ప్రధాని జింజిచ్ ప్రభుత్వం. 2003లో ఆ జింజిచ్‌నే కాల్చి చంపారు. మ్లాదిచ్ విషయంలోనూ అంతే, అప్పగించడం లేదని యూరోపియన్ యూనియన్ 2006లో సెర్బియాతో చర్చలు ఆపేసింది, 2011లో దొరికాడు, 2012 మార్చిలో సభ్యత్వానికి అభ్యర్థి హోదా వచ్చింది. జనానికి కూడా ఇదొక బేరంగానే చెప్పారు. అతను ఏం చేశాడో, ఎందుకు శిక్ష పడిందో ప్రభుత్వం కూర్చోబెట్టి చెప్పలేదు. అందుకే 2021లో బెల్‌గ్రేడ్‌లో ఒక గోడ మీద మ్లాదిచ్ బొమ్మ వేస్తే, దాన్ని చెరిపేయడానికి పిలిచిన సభని పోలీసులు నిషేధించారు, బొమ్మ మీద గుడ్లు విసిరిన మహిళా కార్యకర్తని పట్టుకెళ్లారు. నాకు వీటన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

పల్నాటి పిల్ల:
సెర్బియా ఒక్కదాన్నే అనకండి. సెర్బుల మీద నేరాలకు క్రొయేషియా జనరల్ గొటోవినాకి ఆ ట్రిబ్యునల్ 2011లో 24 ఏళ్లు శిక్ష వేస్తే క్రొయేషియా ప్రభుత్వం ఒప్పుకోం అంది, 2012లో అప్పీల్‌లో ముగ్గురు జడ్జిలు అటు, ఇద్దరు ఇటుగా వదిలేస్తే ప్రభుత్వ విమానం పంపి తీసుకొచ్చుకుంది. అదే ట్రిబ్యునల్‌ని అప్పుడు తిట్టింది సెర్బియా. 2017లో ప్రాల్యాక్ అనే క్రొయేట్ జనరల్ తన శిక్ష ఖాయమవగానే కోర్టులోనే విషం తాగి చనిపోతే క్రొయేషియా ప్రధాని ప్లెంకోవిచ్ ఆ తీర్పే నైతికంగా అన్యాయం అన్నాడు. కొసావో నేరాలకు శిక్ష అనుభవించి వచ్చిన సెర్బ్ జనరల్ లాజరేవిచ్‌కి 2015లో మంత్రులే ఎదురెళ్లి స్వాగతం పలికారు. మనవాడికి శిక్ష పడితే రాజకీయం, అవతలివాడికి పడితే న్యాయం, రెండు రాజధానుల్లోనూ ఇదే పాట.

నల్లరేగడి:
థాంక్సండి, ఇప్పుడు అర్థమవుతోంది. వినని దేశం మీద కోర్టు ఏమీ చేయలేదా? ఒప్పుకున్న ప్రభుత్వం ఒక్కటీ లేదా?

కృష్ణలంక:
అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు అమలు కాకపోతే భద్రతా మండలికి వెళ్లొచ్చు, కానీ అక్కడ వీటో ఉంది. 2015లో స్రెబ్రెనిత్సాని జాతి నిర్మూలనగా ఖండించే తీర్మానాన్ని రష్యా వీటో చేసింది. అందుకే 2024లో వీటో లేని సర్వప్రతినిధి సభకి తీసుకెళ్లారు. 84 దేశాలు అనుకూలం, 19 వ్యతిరేకం, మన దేశంతో సహా 68 తటస్థం. మనం తటస్థంగా ఉండటం నాకు నచ్చలేదు.

ఒప్పుకున్నవాళ్ల విషయానికొస్తే నెదర్లాండ్స్ కొంత నయం. స్రెబ్రెనిత్సాకి కాపలాగా ఉన్నది వాళ్ల సైనికులే. వాళ్ల వైఫల్యం మీద నివేదిక వచ్చాక 2002లో ప్రభుత్వమే రాజీనామా చేసింది, 2022లో రక్షణ మంత్రి స్రెబ్రెనిత్సా పక్కన స్మారకం ఉన్న పొటొచారి వెళ్లి అక్కడి కుటుంబాలకు క్షమాపణ చెప్పింది. అయితే మధ్యలో స్రెబ్రెనిత్సా తల్లులు డచ్ కోర్టుల్లో ఏళ్ల తరబడి కొట్లాడాల్సి వచ్చింది. డచ్ సైనికులు తమ శిబిరం నుంచి బయటకి పంపేసిన సుమారు 350 మంది విషయంలో 10 శాతం బాధ్యత మాత్రమే డచ్ రాజ్యానిది అని 2019లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అంతకు ముందు కింది కోర్టు 30 శాతం అంటే, ఆ పైకోర్టుకి వెళ్లింది ప్రభుత్వమే.