పగవాడు ‘పొగిడాడా’, ‘మెచ్చాడా’?

మొన్న ఆదివారం మా మేనల్లుణ్ణి ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ చూపించడానికి తీసుకెళ్ళాను. కురుసుర లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి నడుం వంచి దూరాలి కదా, అక్కడే వాడికి ట్రిగ్ సంగతి చెప్పాను.

1943 ఆగస్టు 11. ఆఫ్రికా పడమటి తీరానికి దూరంగా, న్యూజిలాండ్ పైలట్ లాయిడ్ ట్రిగ్ జర్మన్ సబ్‌మెరైన్ యు-468 మీదికి వెళ్ళాడు. కింది కాల్పులకి విమానం అంటుకుంది. పక్కకి తిప్పేసి నీళ్ళమీద దిగిపోవచ్చు. తిప్పలేదు. ఆ మంటలతోనే వచ్చి బాంబులు వేసి సముద్రంలో కూలిపోయాడు. విమానంలో ఎనిమిది మందీ పోయారు. సబ్‌మెరైన్ మునిగింది, బతికింది ఏడుగురే. వాళ్ళలో కమాండర్ షామోంగ్ ఒకడు. బందీగా వెళ్ళాక ఆ తెగువ గురించి చెప్పింది ఆయనా, ఆయన మనుషులూ. చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆ సాక్ష్యం మీదే ట్రిగ్‌కి విక్టోరియా క్రాస్ ఇచ్చారు.

ఇంటికొచ్చి ‘శత్రువే పొగిడాడు’ అన్నాను. మా అమ్మ వెంటనే, ‘పొగడ్డమేంట్రా, మెచ్చేడు అను’ అంది. తేడా ఉందంటారా?

— అమ్మగారిదే రైటండీ. పొగడ్త ఎదుటివాడు వినడానికి. ఇక్కడ వినాల్సినవాడు సముద్రం అడుగున ఉన్నాడు. ‘పొగడ్తలకి పొంగిపోకు’ అంటాం గానీ మెచ్చుకోలుకి అలా అనం. మనసు ఒప్పుకుంటేనే మెచ్చడం.

— చిన్న అభ్యంతరం, మేస్టారూ. మెచ్చడం పైవాడి పని కాదా? రాజు మెచ్చి అగ్రహారం ఇస్తాడు. ‘మెచ్చి మేకతోలు కప్పాడు’ అన్నా ఇచ్చేవాడి మాటే. చెరలో ఉన్నవాడికి ఇవ్వడానికి ఏముంది?

— ఉన్నమాట చెప్పడం ఉంది కదండీ. తన ఓడనీ తనవాళ్ళనీ ముంచినవాడి గురించి.

— ‘చంపదగినయట్టి శత్రువు తన చేత చిక్కెనేని’ అని వేమన చెప్పింది పట్టుకున్నవాడికి. చిక్కినవాడు ఏం చెయ్యాలో ఆ పద్యంలో లేదు.

— అందరికీ ధన్యవాదాలు. వేమన గుర్తొచ్చింది కాబట్టి, మొదట రాయని ఒక్క ముక్క. ఆ ఏడుగురూ నీళ్ళలో పట్టుకుని బతికిన రబ్బరు పడవ, వాళ్ళు కూల్చిన ఆ విమానంలోంచి తేలి వచ్చిందే.