"నాకు భయము సంభవించు దినమున": 56వ కీర్తన మీద ఒక ప్రశ్న

ప్రశ్న: మా చర్చిలో టీనేజ్ పిల్లలతో 56వ కీర్తన చదువుతున్నాం. మూడో వచనంలో దావీదు "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" అంటాడు. నాలుగో వచనానికి వచ్చేసరికి "నేను భయపడను" అంటాడు. "ఇంతకీ భయపడ్డాడా, లేదా?" అని ఒక అమ్మాయి అడిగింది. పరీక్షల టెన్షన్‌తో నిద్ర పట్టని పిల్ల. భయం వేస్తే విశ్వాసం లేనట్టేనా అన్నది తన అసలు బాధ. ఈ రెండు వచనాలను ఎలా కలిపి చదవాలి?

జవాబు: భయపడ్డాడనే చెప్పండి ఆ అమ్మాయికి. మొహమాటం లేకుండా చెప్పండి. గాతులో ఫిలిష్తీయులు దావీదును పట్టుకున్నప్పటిదని కీర్తన పైనే రాసి ఉంది. ఆ కథ బైబిల్లో 1 సమూయేలు 21వ అధ్యాయంలో ఉంది. ఇశ్రాయేలు రాజు సౌలు చేతిలో చావు తప్పించుకోవడానికి పారిపోయి శత్రువుల ఊరికే చేరాడు. తాను వడిసెలతో పడగొట్టిన గొల్యాతుది ఆ ఊరే! ఆ ఊరి రాజు ఆకీషు సేవకులు గుర్తుపట్టేసరికి దావీదు చాలా భయపడ్డాడని అక్కడ సూటిగా ఉంది. పిచ్చివాడిలా నటించాడు, తలుపుల మీద గీతలు గీశాడు, గడ్డం మీదికి ఉమ్మి కార్చుకున్నాడు. వడిసెల పట్టుకున్న దావీదునే మనం పిల్లలకు ఎప్పుడూ చూపిస్తాం, ఈ దావీదును దాచేస్తాం. భయపడుతున్న పిల్లలకు కావలసింది ఇతనే.

ఇక నాలుగో వచనం. "భయపడను" అన్నంత మాత్రాన గుండెదడ తగ్గిపోయిందని కాదు. దేవుని మీద నమ్మకంతో, వణుకుతూనే తీసుకున్న నిర్ణయం అది. ఆ వెంటనే 5, 6 వచనాల్లో శత్రువులు మళ్లీ కళ్ల ముందుకొస్తారు: రోజంతా తన మాటలకు పెడర్థాలు తీసేవాళ్లు, పొంచి ఉండి తన అడుగులు కనిపెట్టేవాళ్లు. ఫోన్ గ్రూపుల్లో ఎగతాళి పడ్డ పిల్లలకు ఈ మాటలు విడమరచి చెప్పనక్కర్లేదు. అందుకే 11వ వచనంలో దావీదు "భయపడను" అని మళ్లీ అంటాడు. భయం ఎన్నిసార్లు తిరిగొస్తే అన్నిసార్లూ దేవుని దగ్గరికి వెళ్లవచ్చు. అలా వెళ్లడమే విశ్వాసం.

ఈ రెండు "భయపడను"ల మధ్య ఉన్న ఎనిమిదో వచనం మాత్రం వదలకండి. తన కన్నీళ్లు దేవుని బుడ్డిలో ఉన్నాయనీ, ఆయన కవిలెలో కనబడతాయనీ అంటాడు. కవిలె అంటే పాతకాలపు లెక్కల పుస్తకం, ఈ మాట పిల్లలకు తెలియకపోవచ్చు. రాత్రి ఎవరికీ తెలియకుండా ఏడ్చినది కూడా దేవుని లెక్కలో ఉందని చెప్పండి.

ఇంకొకరు: బాగా చెప్పారండీ. నాదొక సందేహం. ఆశ్రయించడమంటే ప్రార్థన చేసి ఊరుకోవడమే అనుకుంటారేమో పిల్లలు?

జవాబు: అది కాదండీ. దావీదు దేవుణ్ణి ఆశ్రయించాడు, ఉపాయమూ ఆలోచించాడు, అక్కడి నుంచి తప్పించుకుని అదుల్లాము గుహకు పోయాడు. ఇంటివాళ్లు అక్కడికి వచ్చారు. ఇబ్బందుల్లో ఉన్నవాళ్లు, అప్పులవాళ్లు దాదాపు 400 మంది చేరారు. అయినా సౌలు తరమడం ఆపలేదు, కష్టం చాలాకాలం సాగింది. ఎవరైనా బెదిరిస్తున్నా, కొడుతున్నా ప్రార్థించి, ఆ రోజే నమ్మకమైన పెద్దవాళ్లకు చెప్పాలి. టెన్షన్‌తో వారాల తరబడి నిద్ర లేకపోతే డాక్టరు దగ్గరికీ వెళ్లాలి. సహాయం అడిగితే దేవుని మీద నమ్మకం తగ్గినట్టు కాదని మీ నోటితోనే చెప్పండి. చాలామంది పిల్లలు ఆ అనుమానంతోనే నోరు విప్పరు.

మొదట అడిగినవారు: ధన్యవాదాలండీ. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా తన ప్రాణం మరణమయ్యేంత దుఃఖంలో ఉందని శిష్యులకు చెప్పుకుని, తనతో మెలకువగా ఉండమని అడిగాడు కదా. వచ్చే ఆదివారం 1 సమూయేలు 21 ముందు చదివించి, తర్వాతే కీర్తన తెరుస్తాను.