మా పాప సైకిలు: ట్రాకా, రోడ్డా? ఏషియన్ పోటీలు దగ్గరగా చూసినవాళ్ళు చెప్పండి

పాకాల పాలబండి:

అందరికీ నమస్కారం. మాది పాకాల పక్కన పల్లె. తెల్లారుజామున ఊళ్ళో పాలు పోయించుకుని టీవీఎస్ ఎక్సెల్ మీద చిల్లింగ్ సెంటర్‌కు చేర్చడం నా పని. మా పాపకు పదిహేనేళ్ళు, పదో తరగతి. రెండేళ్ళుగా నా బండి వెనకే సైకిలు తొక్కుకుంటూ వస్తోంది. పోయేటప్పుడు క్యాన్లు నిండుగా ఉంటాయి కాబట్టి నిదానం. తిరుగు దారిలో ఖాళీ క్యాన్లు గలగలమంటూ నేను నలభైలో వస్తుంటే, నా వెనక చక్రానికి మూరెడు దూరంలో అంటుకుని వస్తుంది. అద్దంలో చూస్తే వంచిన హెల్మెట్టు తప్ప ఇంకేమీ కనపడదు.

ఈసారి జిల్లా పోటీల్లో మొదటి స్థానం వచ్చింది, రాష్ట్రంలో నాలుగు. అక్కడ ఒక కోచ్ సార్ నన్ను పక్కకు పిలిచి, "ఈ పాప చివరి రెండొందల మీటర్లు చూశారా? ఈ కాళ్ళు ట్రాక్‌వి. ఆలస్యం చేయకండి" అన్నారు. నాకేమో ట్రాక్ అంటే ఏమిటో తెలియదు. ఆయన వేరే జిల్లా వాళ్ళ హడావిడిలో ఉన్నారు, ఇంకొక మాట అడిగే వీలు లేకపోయింది.

ఆ రోజు నుంచి రాత్రి అన్నాలయ్యాక పాప ఫోన్‌లో ఏషియన్ ట్రాక్ ఛాంపియన్‌షిప్ రేసులు పెడుతుంది. నేనూ, వాళ్ళ అవ్వా పక్కన కూర్చుని చూస్తాం. జపాన్, మలేషియా, కజకిస్తాన్, హాంకాంగ్ వాళ్ళు గోడలాంటి వాలు మీద తిరుగుతుంటే నాకే ఒళ్ళు జలదరిస్తుంది. ఒక రేసులో ఇద్దరు బయలుదేరి, సగం చుట్టు తిరిగి, ఉన్నచోటే నిలబడిపోయారు. "చైన్ ఊడినట్టుంది పాపం" అన్నది మా అమ్మ. పాపకు కూడా ఎందుకు నిలబడ్డారో తెలియలేదు.

నాకు తెలియాల్సినవి ఇవి. ఆ నిలబడటం ఏంటి? రోడ్డు పోటీ, ట్రాక్ పోటీ రెండూ ఒకే పిల్ల చేయగలదా? ఏషియన్ దాకా పోయిన మన దేశం పిల్లలు ఎక్కడ మొదలుపెట్టారు? ట్రాక్ సైకిలు కొనమంటే అప్పు చేయడానికి కూడా సిద్ధమే, కానీ ఒకసారి దెబ్బ తిన్నాను. పోయిన ఏడాది ఒక షాపులో సెకండ్‌హ్యాండ్ రోడ్ సైకిలు 38 వేలకు తీసుకున్నాను. "పెరిగే పిల్లే కదా, రెండేళ్ళలో సరిపోతుంది" అని పెద్ద సైజు అంటగట్టారు. మూడు నెలలు నడుం నొప్పని పాప నాకు చెప్పనే లేదు. వాళ్ళ అమ్మ దగ్గర తైలం రాయించుకుంటుంటే తెలిసింది. ఇంకోసారి అలా జరగకూడదు.

ఢిల్లీలో కొర్లగుంట:

అన్నా, నేను తిరుపతి కొర్లగుంటలో పెరిగాను, ఉద్యోగం ఢిల్లీలో. 2022 జూన్‌లో ఏషియన్ ట్రాక్ ఛాంపియన్‌షిప్ ఇందిరాగాంధీ స్టేడియం వెలోడ్రోమ్‌లో (సైకిలు పోటీల కోసం వాలుగా కట్టిన గుండ్రటి ట్రాక్) జరిగితే, 18 నుంచి 22 వరకు ఐదు రోజులూ పోయాను. ఆఫీసులో సెలవు లేకపోతే సాయంత్రాలైనా పోయాను. అంతకుముందు నాకూ ట్రాక్ సైక్లింగ్ గురించి ఏమీ తెలియదు.

మొదట మీ అమ్మగారి అనుమానం తీర్చాలి. చైన్ ఊడలేదు. అది స్ప్రింట్ రేసు. 250 మీటర్ల ట్రాక్ మీద మూడు చుట్లు, ఇద్దరే మనుషులు. ముందు పోయేవాడు గాలిని కోయాలి. వెనకవాడు ఆ నీడలో శ్రమ మిగుల్చుకుని, చివర్లో పక్కనుంచి దాటేస్తాడు. అందుకే ముందు పోవడానికి ఇద్దరూ ఒప్పుకోరు. ఎదుటివాణ్ణి ముందుకు నెట్టడానికి ఉన్నచోటే సైకిలు నిలబెడతారు. ముప్పై సెకన్ల దాకా అలా నిలబడొచ్చు. నేను అంచు కమ్మీ దగ్గర నిలబడి చూశాను: ముందు చక్రం కొంచెం పైకి, వాలు వైపు తిప్పి, కుడి కాలు బిగబట్టి ఉంటాడు. తొడ కండరం సన్నగా వణుకుతూ ఉంటుంది, సైకిలు మాత్రం కదలదు. స్టేడియం మొత్తం ఊపిరి బిగబడుతుంది. తర్వాత ఒక్క క్షణంలో ఇద్దరూ వాలు మీంచి కిందికి దూకుతారు. చెక్క పలకల మీద ఆ చక్రాల చప్పుడు నేను ఇంకెక్కడా వినలేదు, ఎండిన తాటాకుల మీద వాన పడ్డట్టు ఉంటుంది.

ఆ స్ప్రింట్‌లోనే మణిపూర్ అబ్బాయి రొనాల్డో సింగ్ లైతోన్జామ్ రజతం గెలిచాడు. సీనియర్ స్థాయిలో ఏషియన్ ట్రాక్ పోటీల్లో మన దేశానికి అదే మొదటి రజతం. ఫైనల్‌లో జపాన్ కెంటో యమసాకి రెండు రేసులూ గెలిచాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

ఇంకొక సంగతి. మీరు రోజూ చేస్తున్నదానికి ట్రాక్ మీద ఒక రేసే ఉంది! కెయిరిన్ అంటారు. 1948లో జపాన్‌లో డబ్బు కాసే పందెంగా మొదలైంది. ఒలింపిక్స్‌లోకి మగవాళ్ళకు 2000లో, ఆడవాళ్ళకు 2012లో వచ్చింది. డెర్నీ అనే చిన్న మోటారు బండి ముందు నడుస్తుంది, రైడర్లు దాని వెనక వరస కడతారు. ముప్పైలో మొదలై యాభైకి చేరి, మూడు చుట్లు మిగిలినప్పుడు అది పక్కకు తప్పుకుంటుంది. ఆ తర్వాత ఎవరి సత్తా వాళ్ళది. పాల క్యాన్లు కట్టిన ఎక్సెల్ వెనక మూరెడు దూరంలో బెదరకుండా తొక్కే పిల్లకు సగం ధైర్యం అప్పుడే వచ్చేసిందన్నా. లండన్ ఒలింపిక్స్‌లో హాంకాంగ్ అమ్మాయి లీ వై సీ కాంస్యం గెలిచింది కెయిరిన్‌లోనే. పాపకు ఆ రేసు వీడియో చూపించండి.

మన పిల్లలు ఎక్కడ మొదలుపెట్టారని అడిగారు కదా. 2018లో జూనియర్ ప్రపంచ పోటీల్లో మన దేశానికి మొదటి పతకం తెచ్చిన ఈసో ఆల్బెన్‌ది అండమాన్. దెబోరా హెరాల్డ్‌ది కూడా అండమాన్ నికోబారే. 2004 సునామీలో తొమ్మిదేళ్ళ పిల్ల చెట్టు పట్టుకుని బతికింది, ఆ తర్వాత దేశంలోనే పేరున్న స్ప్రింటర్ అయింది. రొనాల్డో, ఈసో ఉన్న జట్టు 2019లో జర్మనీలో జూనియర్ ప్రపంచ టీమ్ స్ప్రింట్ స్వర్ణం గెలిచింది. అంటే జూనియర్‌గా ప్రపంచం గెలిచాక కూడా సీనియర్ ఏషియన్ రజతానికి రొనాల్డోకు మూడేళ్ళు పట్టింది. ఈ లెక్క మనసులో పెట్టుకోండి, పాపను తొందరపెట్టకండి.

చిత్తూరు పీఈటీ:

అన్నా, నేను ఒకప్పుడు రాష్ట్రం తరఫున తొక్కాను, ఇప్పుడు చిత్తూరు దగ్గర హైస్కూల్లో పీఈటీ. పైన తమ్ముడు ట్రాక్ ఎంత అందంగా ఉంటుందో చెప్పాడు, నేను మొదటి రోజు ఎలా ఉంటుందో చెప్తాను.

నేను మొదటిసారి ఎక్కింది హైదరాబాదు ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్. ట్రాక్ సైకిలుకు బ్రేకులుండవు, గేర్లు మార్చడం ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, ఫ్రీవీల్ ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. రోడ్డు మీద వేగం రాగానే కాళ్ళు ఆపి సేదతీరే అలవాటు మనందరికీ ఉంది. నేనూ అలాగే ఆపాను. వెనక నుంచి ఎవరో లేపి విసిరినట్టు అయింది. మోచేయి, తుంటి గీసుకుపోయాయి. సిమెంటు ట్రాక్ కాబట్టి వారం రోజులు ఒక పక్కకు తిరిగి పడుకోలేకపోయాను. రెండో రోజు మాత్రం ట్రాక్ లోపలి అంచు దగ్గర ఉండే నల్ల గీత పట్టుకుని పది చుట్లు తిరిగాను. వాలు చూస్తే భయంగా ఉంటుంది కానీ నిదానంగా పోతేనే టైరు జారుతుంది, వేగం ఉంటే అదే పట్టుకుంటుంది. ఇది చెబితే ఎవరికీ అర్థం కాదు, కాళ్ళకు అర్థం కావాలి.

అందుకే ఇప్పుడే ట్రాక్ సైకిలు కొనొద్దు. ముందు పాప ఒక వెలోడ్రోమ్ మీద నాలుగు రోజులు తిరగాలి. మన రాష్ట్రంలో వసతి కోసం వెతుక్కోవద్దు, మనకు దగ్గర చెన్నై. మేలకోట్టయ్యూరులో స్పోర్ట్స్ యూనివర్సిటీ వెలోడ్రోమ్ ఉంది. 2024 జనవరిలో ఖేలో ఇండియా యూత్ గేమ్స్ సైక్లింగ్ జరిగింది అక్కడే. బయటివాళ్ళు ముందుగా ఫోన్ చేసి అనుమతి అడగాలి. మీ జిల్లా సంఘం ద్వారా అడిగితే పని తేలిక, సైకిలు కూడా అక్కడే అడిగి చూడొచ్చు.

రెండూ ఒకే పిల్ల చేయగలదా అంటే, ఈ వయసులో చేయాలి కూడా. ట్రాక్‌లో స్ప్రింట్, కెయిరిన్, టైమ్ ట్రయల్ (ఒంటరిగా గడియారంతో పోటీ) ఒక రకం మనుషులవి. ఒక నిమిషం లోపు, మహా అయితే నిమిషం పైన కొంచెం పని. టీమ్ పర్స్యూట్, ఓమ్నియం, మాడిసన్ అనే ఎక్కువ దూరం రేసులు వేరే రకం. వాళ్ళందరికీ పునాది రోడ్డు కిలోమీటర్లే. రాష్ట్రంలో నాలుగో స్థానం వచ్చిన పిల్ల ఏ రకమో పదిహేనేళ్ళకు ఎవరూ తేల్చలేరు, ఆ కోచ్ సార్‌తో సహా. ఒక మార్పు గుర్తు పెట్టుకోండి: టైమ్ ట్రయల్ ఆడవాళ్ళకు ఇదివరకు 500 మీటర్లే, 2025 నుంచి మగవాళ్ళలాగే కిలోమీటరు. ఉత్త దూకుడు చాలదు, ఓపిక కూడా కావాలి.

ఏషియన్‌లో జూనియర్ విభాగం అంటే ఆ ఏడాదిలో 17, 18 నిండేవాళ్ళు. పాపకు ఇంకా టైముంది. జిల్లా, రాష్ట్రం, జాతీయ పోటీలు, అక్కడ టైమింగ్ చూసి క్యాంపుకు పిలుస్తారు. వేరే అడ్డదారి లేదు, ఎవరైనా ఉందని డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఇక ఆ పెద్ద సైకిలు సంగతి. పాపను సీటు మీద కూర్చోబెట్టి మడమ పెడల్ మీద పెట్టించండి. పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు నిండుగా చాచుకోవాలి, తుంటి పక్కకు జారకూడదు. జారితే సీటు దించాలి. చేతులు మరీ సాగదీయాల్సి వస్తే హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే స్టెమ్ పొట్టిది వేయించండి, అది పెద్ద ఖర్చు కాదు. నొప్పి ఉంటే ఇకమీదట నాన్నకే ముందు చెప్పాలని పాపకు చెప్పండి.

పాకాల పాలబండి:

అక్కా, తమ్ముడూ, మీ ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. మీరు రాసింది పాప గట్టిగా చదివి వాళ్ళ అవ్వకు వినిపించింది. ముప్పై సెకన్లు నిలబడతారని విన్నప్పటి నుంచి వాకిట్లో సైకిలు నిలబెట్టడానికి చూస్తోంది. ఇప్పటికి ఏడు సెకన్లు అయింది.

మా అమ్మ ఒకటే అడుగుతోంది, పడితే ఏమవుతుందని. నాకూ ఇంకో అనుమానం. మామిడికాయల సీజన్‌లో మా రోడ్డు నిండా తోతాపురి ట్రాక్టర్లే, గుజ్జు ఫ్యాక్టరీల ముందు వరసలు కడతాయి. ఆ రెండు నెలలు నా వెనక తొక్కడం ఆపేయనా?

నంద్యాల రోడ్డు:

అన్నా, సీజన్‌లో ఆపేయండి. సీజన్ కాకపోయినా మెయిన్ రోడ్డు మీద బండి వెనక మూరెడు దూరంలో తొక్కించడం నాకు నచ్చలేదు. ట్రాక్ మీద డెర్నీ నడిపేవాళ్ళకు ఎదురుగా లారీ రాదు, కుక్క అడ్డం రాదు. మీరు సడన్‌గా బ్రేకు వేస్తే పాపకు చూసే టైమే ఉండదు. పల్లె రోడ్డు మీద, తెల్లారాక, బ్రేకు వేసే ముందు చెయ్యి ఎత్తే అలవాటు చేసుకుని, అప్పుడు తొక్కించండి. కసురుతున్నానని అనుకోకండి, నాకూ కూతురుంది.

పడటం గురించి పెద్దామెకు అబద్ధం చెప్పకూడదు. మలేషియా అజీజుల్‌హస్ని అవాంగ్ 2011లో మాంచెస్టర్‌లో కెయిరిన్ రేసులో పడితే, ట్రాక్ చెక్క చీలిక పిక్కలో ఒక పక్కనుంచి దూరి ఇంకో పక్క తేలింది. అలాగే లేచి సైకిలెక్కి మూడో స్థానంలో గీత దాటాడు. 2017లో అదే కెయిరిన్‌లో ప్రపంచ విజేత అయ్యాడు. అలాంటివి అరుదు. చర్మం గీరుకుపోవడం, కాలర్ ఎముక విరగడం మాత్రం ఉంటాయి. గ్లవ్స్ లేకుండా ఒక్క రోజు కూడా ఎక్కనివ్వకండి.

మా నంద్యాల షేక్ అర్షద్ సంగతి పాపకు చెప్పండి. ఒక కాలితోనే తొక్కుతాడు. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో జ్యోతి గడేరియాతో కలిసి సైక్లింగ్‌లో మన దేశం తరఫున నిలబడ్డాడు. అంతకుముందు మన దేశం నుంచి పారాలింపిక్స్ సైక్లింగ్‌కు ఎవరూ పోలేదు. రాయలసీమ రోడ్ల మీద నుంచే అక్కడికి పోయాడు.

రోడ్డు వైపు కూడా ఒక మాట. 2013లో ఢిల్లీలో ఏషియన్ రోడ్, ట్రాక్ పోటీలు కలిపే జరిగాయి, ఇప్పుడు విడివిడిగా పెడుతున్నారు. 2024లో ట్రాక్ ఫిబ్రవరిలో ఢిల్లీలో, రోడ్డు జూన్‌లో అల్మాటీలో. 2025లో ట్రాక్ మలేషియా నీలాయ్‌లో, రోడ్డు థాయ్‌లాండ్ ఫిట్సనులోక్‌లో. ఉజ్బెకిస్తాన్ ఓల్గా జబెలిన్‌స్కాయా టోక్యో ఒలింపిక్స్‌లో తొక్కేటప్పుడు ఆమెకు 41 ఏళ్ళు. పదిహేనేళ్ళ పిల్లకు ఆలస్యమైపోయిందని ఎవరన్నా నమ్మకండి.

పాకాల పాలబండి:

నిజమే అన్నా. ఈ రోజు నుంచే మెయిన్ రోడ్డు మానేశాను, చెరువు కట్ట పక్క దారిలో వస్తున్నాం. చెయ్యి ఎత్తడం కూడా మొదలుపెట్టాను.

స్టెమ్ మార్పించాను. మడమ లెక్క ప్రకారం సీటు రెండు వేళ్ళ మందం దించాల్సి వచ్చింది. పాప ఎక్కి ఊరి చివరి దాకా పోయి వచ్చి, ఏమీ చెప్పకుండా మళ్ళీ ఇంకో చుట్టు పోయింది.

జిల్లా సంఘం సార్ చెన్నైకి ఫోన్ చేశారు. దసరా సెలవుల్లో నాలుగు రోజులు రమ్మన్నారు, సైకిలు వాళ్ళే ఇస్తారట. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై పోయి, అక్కడి నుంచి లోకల్ రైల్లో వండలూరు దిగుతాం. ఆ నాలుగు రోజులూ పాలు మా తమ్ముడు పోస్తాడు. పాప రెండు జతల గ్లవ్స్ సంచిలో పెట్టుకుంది. అక్కా, పెడల్ తొక్కడం ఆపకూడదని మీరు చెప్పిన మాట చీటీ మీద రాసి హెల్మెట్టు లోపల అంటించుకుంది. పోయి వచ్చాక ఇక్కడే రాస్తాను.