పీరు: మనిషి పేరు ధ్వజానికి ఎలా వచ్చింది?

'పీరు అంటే ముహర్రంలో ఎత్తే జెండా' అని నిన్న ఇక్కడ ఒక మిత్రులు ఇచ్చిన అర్థం తప్పు కాదు గానీ, ఆ మాట మన పల్లెల్లో నడిచి వచ్చిన దారి అందులో కనిపించదు. ఫారసీలో పీర్ అంటే వృద్ధుడు, పెద్ద. సూఫీల వాడుకలో శిష్యుణ్ణి దారిలో పెట్టే గురువు. క్రీ.శ. 680లో కర్బలాలో అమరుడైన, ప్రవక్త మనవడు ఇమాం హుసేన్ స్మృతిగా ఊరేగించే లోహపు గుర్తుకు ఉర్దూలో ఉన్న మాట వేరు. దాన్ని 'అలం' అంటారు, అంటే ధ్వజం. తెలుగు పల్లెలు ఆ మాటను పక్కన పెట్టి, మనిషిని చెప్పే 'పీరు'ను ధ్వజానికి పెట్టుకున్నాయి.

దీనికి సాక్ష్యం క్రియల్లో ఉంది. జెండాను పాతుతాం, ఎగరేస్తాం. పీరు మాత్రం చావిడిలో కూర్చుంటుంది, లేస్తుంది, గుండం తొక్కుతుంది. వ్యాకరణం ప్రకారం అది అమహద్వాచకమే (వస్తువుల్లా 'అది' అని చెప్పే మాటే) అయినా క్రియలన్నీ మనిషివే. మా ఊరి చావిడిలో పీర్లను చూసుకునే ముజావరు తాత వాటిని చింతపండుతో తోమి, గంధం పూసి, దట్టీలు (రంగు గుడ్డలు) కట్టి, ఊదు పొగ వేస్తుంటే చిన్నప్పుడు పక్కనే కూర్చుని చూసేవాణ్ణి. "తోముతున్నావా తాతా?" అని ఒకసారి అడిగితే, "తోమడమేంది నాయనా, తానం చేపిస్తున్నా" అన్నాడు. పీరు అనే మాట వినబడినప్పుడల్లా నాకు ముందుగా ఆ 'తానమే' గుర్తుకొస్తుంది.

చరిత్ర చూస్తే, గోల్కొండ కుతుబ్‌షాహీలు షియాలు, అంటే హుసేన్ స్మృతిని ముఖ్యంగా పాటించే ముస్లిం శాఖవారు. మహమ్మద్ కులీ హైదరాబాదులో 1590లలో బాద్‌షాహీ అషుర్‌ఖానా (అలంలను నిలిపే మందిరం) కట్టించాడు. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలవడంతో ఆ దర్బారు ఆదరణ పోయింది గానీ ఆచారం పోలేదు. షియాల ఇల్లు ఒక్కటి కూడా లేని ఊళ్లలో సున్నీ ముస్లింలు, దూదేకులవారు, వారితో పాటు హిందువులు దాన్ని నిలబెట్టుకున్నారు. దర్గాల్లోని పీర్లను అప్పటికే కొలుస్తున్న ఆ జనం కర్బలా వీరులను కూడా అదే వరుసలో చేర్చుకున్నారని, అందుకే ధ్వజం వారికి పీరు అయిందని నా అభిప్రాయం. ధ్వజాన్ని ఇలా కొలవడం షరీయతుకు సమ్మతం కాదనే ముస్లింలు కూడా ఉన్నారు. వారి ఆక్షేపణ సరిగ్గా ఈ మాట మోస్తున్న అర్థం మీదే, అంటే ధ్వజాన్ని మనిషిగా చూడడం మీదే అన్నది మనం గౌరవంగా గమనించవలసిన విషయం.

'అలావా' అంటే ఏమిటని అడిగినవారికి: దక్కనీలో (దక్కను ప్రాంతపు ఉర్దూలో) అది పీర్లు తొక్కే నిప్పుల గుండం పేరు. గుండం ఉన్న చోటికి కూడా అదే పేరు వచ్చింది కాబట్టే హైదరాబాదులో 'బీబీ కా అలావా' అంటే అషుర్‌ఖానా అయింది.

పీరుకు ఎదురు దిశలో నడిచిన మాట కూడా ఒకటుంది. అనంతపురం జిల్లా గూగూడులో ముహర్రం నాడు కొలువయ్యే పీరు కుళ్ళాయి స్వామి. కుళ్ళాయి అంటే టోపీ. ఫారసీ 'కులాహ్' నుంచి వచ్చిన ఈ మాట శ్రీనాథుడిదిగా చెప్పుకునే చాటువులోనే 'కుల్లాయి'గా కనిపిస్తుంది. పీరు విషయంలో మనిషిని చెప్పే మాట వస్తువుకు వచ్చింది, ఇక్కడ వస్తువును చెప్పే మాట స్వామి పేరులో చేరి, సీమలో ఎన్నో ఇళ్లలో పిల్లలకు కుళ్ళాయప్ప అన్న పేరై నిలిచింది.