యాంటీవైరస్ ఆన్‌లో ఉంటే రిమోట్ డెస్క్‌టాప్ కలవడం లేదు, పాజ్ చేస్తే కలుస్తోంది

నీలిమబ్బు:
డెస్క్‌టాప్‌లో విండోస్ 11 ప్రో, సొంత ఫైర్‌వాల్ ఉన్న పెయిడ్ యాంటీవైరస్. అదే వైఫైలో ఉన్న ల్యాప్‌టాప్ నుంచి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడాలి. బయటి నుంచైతే ఐడీ నంబర్ కొట్టి కలిసే రిమోట్ టూల్. యాంటీవైరస్ కొత్త వెర్షన్‌కి మారాక రెండూ ఆగిపోయాయి. రిమోట్ డెస్క్‌టాప్ కాసేపు ప్రయత్నించి కనెక్ట్ కాలేకపోయానంటుంది. టూల్ ఓపెన్ అవుతుంది కానీ ఐడీ రాదు, "కనెక్ట్ అవుతోంది" దగ్గరే నిలబడిపోతుంది.

యాంటీవైరస్‌ని 10 నిమిషాలు పాజ్ చేస్తే రెండూ పనిచేస్తున్నాయి. విండోస్ ఫైర్‌వాల్‌లో రిమోట్ డెస్క్‌టాప్‌కి టిక్ ఉంది. టూల్ ఫోల్డర్‌ని యాంటీవైరస్ ఎక్స్‌క్లూజన్స్‌లో (స్కాన్ చేయొద్దని చెప్పే జాబితా) పెట్టినా తేడా లేదు. యాంటీవైరస్ తీసేయకుండా దారి ఉందా?

లాగ్‌చూడు:
ఉందండి. ముందు ఒకటి గమనించండి: ఎక్స్‌క్లూజన్ అనేది చాలా ప్రోగ్రాముల్లో ఫైల్ స్కానింగ్‌కి మాత్రమే వర్తిస్తుంది. ఫైర్‌వాల్, వెబ్ షీల్డ్ (ఇంటర్నెట్ రాకపోకల్ని తనిఖీ చేసే భాగం) దాన్ని పట్టించుకోవు. టూల్ ఓపెన్ అవుతోందంటే ఫైల్‌ని ఎవరూ ఆపలేదు, ఆగుతున్నది నెట్‌వర్క్ దగ్గర. విండోస్ ఫైర్‌వాల్‌లో టిక్ కూడా ఇప్పుడు లెక్కలోకి రాకపోవచ్చు. విండోస్ సెక్యూరిటీలో "ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్" పేజీ తెరిచి చూడండి. అక్కడ మీ యాంటీవైరస్ పేరు కనిపిస్తే పెత్తనం దానిదే, రూల్స్ అందులోనే రాయాలి.

మొత్తం పాజ్ చేస్తే దోషం ఏ భాగానిదో తెలియదు. ఫైర్‌వాల్ ఒక్కటే ఆపి చూడండి, మళ్లీ ఆన్ చేయండి. తర్వాత వెబ్ షీల్డ్ ఒక్కటే ఆపండి. రెంటికీ రెండు వేర్వేరు కారణాలు ఉండే అవకాశమే ఎక్కువ.

ఐడీ రాకపోవడానికి నా మొదటి అనుమానం హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్. అది ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్‌ని మధ్యలో విప్పి చూడటానికి సర్వర్ సర్టిఫికెట్ (సర్వర్ అసలైనదేనని చూపే డిజిటల్ గుర్తింపు) బదులు తన సర్టిఫికెట్ పెడుతుంది. బ్రౌజర్ దాన్ని ఒప్పుకుంటుంది. కొన్ని రిమోట్ టూల్స్ మాత్రం తమ సర్వర్ సర్టిఫికెట్ తప్ప మరొకటి కనిపిస్తే కనెక్షన్ తెంపేస్తాయి. అలాగని స్కానింగ్ మొత్తం ఆపేయకండి. వెబ్ షీల్డ్ సెట్టింగ్స్‌లో మినహాయించిన అప్లికేషన్ల జాబితా ఉంటుంది, టూల్‌ని అందులో చేర్చండి. ఇన్‌స్టాల్ చేసిన టూల్‌కి విండో ఒక ప్రాసెస్, వెనక సర్వీస్ ఇంకో ప్రాసెస్ ఉండొచ్చు. టాస్క్ మేనేజర్‌లో ఫైల్ లొకేషన్ చూసి రెంటినీ చేర్చండి. డౌన్‌లోడ్స్ నుంచి నేరుగా నడిపే పోర్టబుల్ కాపీ అయితే ఫైల్ చోటు మారినప్పుడల్లా రూల్ పనికిరాకుండా పోతుంది.

టూల్ బయటికి వెళ్లే పోర్టులు (నెట్‌వర్క్‌లో నంబర్లున్న దారులు) కూడా చూసుకోండి. ఇలాంటి టూల్స్‌లో టీమ్‌వ్యూయర్ ముందు 5938 వాడుతుంది, కుదరకపోతే 443, ఆపై 80. ఎనీడెస్క్‌కి 80, 443, 6568లో ఏదో ఒకటి తెరిచి ఉంటే చాలు.

పోర్ట్‌కావలి:
రిమోట్ డెస్క్‌టాప్ సంగతి నేను చెప్తాను. ల్యాప్‌టాప్‌లో పవర్‌షెల్ తెరిచి "టెస్ట్-నెట్‌కనెక్షన్" కమాండ్‌కి డెస్క్‌టాప్ ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్), రిమోట్ డెస్క్‌టాప్ వాడే పోర్ట్ 3389 ఇవ్వండి. చివరి లైన్ ఫాల్స్ అంటే ఫైర్‌వాల్ అడ్డం, లేదా డెస్క్‌టాప్‌లో ఆ సర్వీసే నడవడం లేదు. పాజ్ చేస్తే కలుస్తోంది కాబట్టి రెండోది కాదు. ట్రూ వచ్చి కూడా లాగిన్ కాకపోతే గొడవ చాలావరకు పాస్‌వర్డ్ లేదా అకౌంట్ దగ్గర. పింగ్‌కి జవాబు రాకపోతే కంగారు పడొద్దు, పింగ్‌ని ఆపి 3389ని వదిలే ఫైర్‌వాల్స్ ఉన్నాయి.

ఫాల్స్ వస్తే రూల్ రాసే ముందు యాంటీవైరస్ మీ వైఫైని ఏ రకంగా గుర్తించిందో చూడండి. వెర్షన్ మారినప్పుడు నెట్‌వర్క్‌ని కొత్తదిగా లెక్కేసి "పబ్లిక్"లో పడేయడం మామూలే. విండోస్‌లో ప్రైవేట్ అని ఉన్నా యాంటీవైరస్ లెక్క వేరుగా ఉండొచ్చు. దాన్ని హోమ్ లేదా ట్రస్టెడ్ చేస్తే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

అప్పటికీ కలవకపోతే యాంటీవైరస్ ఫైర్‌వాల్‌లో ఇన్‌బౌండ్ రూల్ (లోపలికి వచ్చే కనెక్షన్లకి అనుమతి) రాయండి: టీసీపీ 3389, యూడీపీ 3389, లోకల్ పోర్ట్, రిమోట్ అడ్రస్ దగ్గర ల్యాప్‌టాప్ ఐపీ లేదా లోకల్ సబ్‌నెట్ (మీ ఇంటి నెట్‌వర్క్ అడ్రస్‌లు) మాత్రమే. యూడీపీ మరిచిపోయినా కనెక్ట్ అవుతుంది కానీ వీడియో, స్క్రోలింగ్ మందగించొచ్చు. ఇక్కడ చాలామంది తప్పుదారి పట్టే చోటు ఒకటుంది: డెస్క్‌టాప్‌లో ఎంఎస్‌టీఎస్‌సీ ప్రోగ్రామ్‌ని అలౌ చేస్తారు. అది ఎదుటి కంప్యూటర్‌కి వెళ్లే క్లయింట్. వచ్చే కనెక్షన్ కోసం వినేది ఎస్‌వీసీహోస్ట్‌లో (విండోస్ సర్వీసుల్ని నడిపే ప్రోగ్రామ్) నడిచే టర్మ్‌సర్వీస్. పోర్టు మీద రూల్ రాస్తే ఈ తికమకే ఉండదు.

తెరచాప:
పై రెంటికీ తోడు ఒకటి. కొన్ని యాంటీవైరస్‌లలో రిమోట్ యాక్సెస్ షీల్డ్, బ్రూట్‌ఫోర్స్ ప్రొటెక్షన్ లాంటి పేర్లతో వేరే భాగం ఉంటుంది. వరసగా తప్పు పాస్‌వర్డ్‌లు పడితే ఆ ఐపీని నిషేధిస్తుంది. ఆ తర్వాత సరైన పాస్‌వర్డ్ కొట్టినా లాభం లేదు. బ్లాక్ చేసిన ఐపీల జాబితాలో ల్యాప్‌టాప్ ఉందేమో చూసి తీసేయండి.

తప్పు పాస్‌వర్డ్ ఎందుకు పడుతుందంటే, డెస్క్‌టాప్ ముందు కూర్చుని వాడే పిన్ ఇక్కడ చెల్లదు. అకౌంట్ అసలు పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డ్ లేని లోకల్ అకౌంట్‌ని విండోస్ మామూలుగా రానివ్వదు. పైగా విండోస్ 11 22హెచ్2 నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లలో 10 సార్లు తప్పితే అకౌంట్ 10 నిమిషాలు లాక్ అవుతుంది. దాన్ని చూసి యాంటీవైరస్‌ని తిట్టుకుంటారు.

నీలిమబ్బు:
వెబ్ షీల్డ్ ఆపగానే ఐడీ వచ్చింది. మళ్లీ ఆన్ చేసి రెండు ప్రాసెస్‌లనీ మినహాయింపులో పెట్టాను, ఐడీ నిలబడింది. 3389 టెస్ట్ ఫాల్స్ వచ్చింది, యాంటీవైరస్‌లో వైఫై నిజంగానే పబ్లిక్‌గా ఉంది. హోమ్ చేశాక ట్రూ, లాగిన్ కూడా అయింది. బ్లాక్ జాబితా ఖాళీగానే ఉంది.

ఇంకొక్క సందేహం. బయటి నుంచి 3389కి వచ్చే కనెక్షన్లని డెస్క్‌టాప్‌కి పంపేలా రౌటర్‌లో ఫార్వర్డ్ చేస్తే ఆ టూల్ అవసరమే ఉండదు కదా?

పోర్ట్‌కావలి:
ఆ పని మాత్రం చేయొద్దు. తెరిచిన 3389 కోసం ఇంటర్నెట్‌ని జల్లెడ పట్టే బాట్‌లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. 2019లో బయటపడ్డ బ్లూకీప్ లోపానికి పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకపోయింది. అది పాత విండోస్‌లదే, కానీ ఆ సర్వీస్‌ని నేరుగా బయట పెడితే ఏమవుతుందో చూపించింది. పోర్ట్ నంబర్ మార్చినా స్కానర్లు కనిపెడతాయి. బయటి నుంచి విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ కావాలంటే వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌కి ఎన్‌క్రిప్టెడ్ దారి) పెట్టుకుని దాని లోపల వాడండి. ఫైర్‌వాల్ రూల్‌లో వీపీఎన్ సబ్‌నెట్ చేర్చడం మరిచిపోకండి, లేకపోతే మళ్లీ ఫాల్సే.

లాగ్‌చూడు:
నీలిమబ్బు గారూ, ఇందాక పెట్టిన ఫోల్డర్ ఎక్స్‌క్లూజన్ తీసేయండి. దానితో పని జరగలేదు, ఉంచితే ఆ ఫోల్డర్‌లోకి ఏది వచ్చి పడినా స్కాన్ కాదు.

ఇదే సమస్యతో వచ్చేవాళ్లలో టూల్ ఫైలే మాయమవుతుంటే అది క్వారంటైన్, అంటే యాంటీవైరస్ ఆ ఫైల్‌ని పక్కన బంధించింది. రిమోట్ టూల్స్‌ని మోసగాళ్లు కూడా వాడతారు కాబట్టి అసలైనదాన్ని సైతం "రిస్క్‌వేర్" (దుర్వినియోగం కాగల ప్రోగ్రామ్) అని పట్టుకోవడం ఉంది. రీస్టోర్ నొక్కేముందు తయారీదారు సైట్ నుంచి తాజా వెర్షన్ దింపుకుని, ఫైల్ ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ చూడండి. ఎనీడెస్క్ తన సర్వర్లలోకి చొరబాటు జరిగిందని 2024 ఫిబ్రవరిలో ప్రకటించి, ఫైల్ తనదేనని సంతకం చేసే పాత సైనింగ్ సర్టిఫికెట్‌ని మార్చింది. విండోస్‌కి కొత్త సర్టిఫికెట్‌తో వచ్చినవి 7.0.15, 8.0.8. అంతకు ముందు కాపీని యాంటీవైరస్ ఆపితే తప్పు యాంటీవైరస్‌ది కాదు. ఎక్స్‌క్లూజన్ పెట్టకండి, కొత్తది వేసుకోండి.

ఫోన్ చేసి యాంటీవైరస్ ఆపమని, టూల్ వేసుకుని ఐడీ చెప్పమని ఎవరైనా అడిగితే అది ట్రబుల్‌షూటింగ్ కాదు, ఫోన్ పెట్టేయండి.