హేవ్‌లాక్‌లో అడవి మధ్య రిసార్ట్: అమ్మ ఇన్సులిన్ ఎలా?

నమస్తే అండీ. జనవరిలో అమ్మను అండమాన్ తీసుకెళ్తున్నాం. హేవ్‌లాక్‌లో (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) రాధానగర్ బీచ్ పక్కన, చెట్ల మధ్య ఉన్న ఎకో రిసార్ట్‌లో మూడు రాత్రులు బుక్ చేశాను. గదిలో టీవీ ఉండదట, ఫోన్ సిగ్నల్ కూడా అంతంతమాత్రమేనట. అది మాకు ఇష్టమే.

నా టెన్షన్ అంతా అమ్మ ఇన్సులిన్ గురించి. పోయినేడు వేరే ఊళ్లో ఒక హోటల్లో మినీ ఫ్రిజ్ రాత్రంతా ఆగిపోయింది. పొద్దున చూస్తే ఇన్సులిన్ పెన్నులు గోరువెచ్చగా ఉన్నాయి. అమ్మ ఏమీ అనలేదు గానీ ముఖం వాడిపోయింది.

పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) నుంచి ఫెర్రీలో వెళ్లేటప్పుడు ఐస్ ప్యాక్ సరిపోతుందా? రిసార్ట్‌లో కరెంటు పోతుంటుందా? రాత్రిపూట అవసరమైతే ఆస్పత్రికి బండి దొరుకుతుందా? పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.