సమస్యాపూరణం: పాట రాని నోట పాట పుట్టె

హన్మకొండ నుంచి (సమస్య ఇచ్చింది నేనే):
అందరికి నమస్తే. ఈసారి సమస్య ఆటవెలదిల ఆఖరి పాదం.

పాట రాని నోట పాట పుట్టె

ముందటి మూడు పాదాలు మీరు కట్టాలె. లెక్క ఎరికే గదా, 1, 3 పాదాలల్ల మూడు సూర్యగణాలు (రెండు మూడక్షరాల చిన్న గుంపులు) రెండు ఇంద్రగణాలు (మూడు నాలుగక్షరాల పెద్ద గుంపులు), 2, 4ల ఐదూ సూర్యగణాలే, నాలుగో గణం మొదటి అక్షరం కాడ యతి, అంటె పాదం మొదటి అక్షరంతోని అది కలువాలె, అది కుదరకపోతె ఆ రెండు చోట్ల రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి ఐనా సరే. గడువు సెప్టెంబరు 9. కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం గూడ అదే గదా, అందుకే ఇంట్ల మాట్లాడే మాటల్లనే రాయుండ్రి.

ఈ సమస్య ఊకెనే ఇయ్యలే. మా వాడకట్టు అక్కలు సద్దుల బతుకమ్మకు కొత్త పాట రాసియ్యమన్నరు, పాత బాణీకి మాటలు మార్చి ఇస్తె ఒప్పుకోమని గూడ అన్నరు, నేను సరే అన్న, ఆ వారంలనే అమ్మ దవాఖానల పడ్డది. రాత్రిపూట వార్డుల నేనే ఉంటున్న. నోట్‌బుక్ సంచిల ఉన్నది గని పెన్ను మూత తియ్యబుద్ధి గాలే, ఏ మాట అనుకున్నా ఎప్పుడో విన్న పాట బాణీలకే ఉరుకుతున్నది. కష్టం మీదున్నప్పుడు మీకు సొంత పాట ఎక్కడ్నుంచి వచ్చిందో పద్యంల చెప్పుండ్రి, నాకు నిజంగ అక్కర ఉన్నది.

జనగామ తమ్ముడు:
అన్నా అమ్మ మంచిగైతది, రంది వెట్టుకోకు. నాది ఇది, మా ఇంట్ల చూసిందే.

బిడ్డ నిదుర పోక బెంగతో నేడ్వంగ
అర్ధరాత్రి లేచి యమ్మ యెత్తి
భుజము మీద వేసి పొదివి జోకొట్టంగ
పాట రాని నోట పాట పుట్టె

భీమారం సారు:
తమ్మీ, గణాలు సాఫుగున్నయ్. మూడో పాదంల భు కు పొ తోని యతి వేసినవ్, రెండోదాంట్ల అ కు య తోని వేసినవ్, రెండూ చెల్లుతయ్. కాని బెంగ అన్న మాట కాడ నాకు ఆగింది. బెంగ పెద్దోల్లకు ఉంటది, నెలల పిల్లకు బెంగేంది? పసిపిల్ల ఏడిస్తె ఊపిరి బిగవడుతది, మొఖం ఎర్రగైతది, తల్లికి భయమయ్యేది అప్పుడే. "బిడ్డ నిదుర పోక బిగవట్టి యేడ్వంగ" అని చూడు, యతి ఇంకా గట్టిగైతది, ఆ తల్లి ఎందుకు పాట ఎత్తుకున్నదో గూడ తెలుస్తది.

జనగామ తమ్ముడు:
సార్ నిజమే, మా బిడ్డ గట్లనే ఏడుస్తుండె. మార్చిన.

కొత్తవాడ అన్న:
నేను పద్యాలు రాసేటోన్ని గాదు, దర్రీలు నేసే ఇంట్ల పుట్టినోన్ని, తప్పులుంటె చెప్పుండ్రి.

మిల్లు మూసినాక మెతుకుకే కరువొచ్చె
పోగు లేక ఆసు మూగవోయె
నాయ్న చేతి వేళ్లు నడిమింట తాళమై
పాట రాని నోట పాట పుట్టె

మా నాయిన మిల్లుల చేసిండు, అది బందైనంక నడిమింట్ల గోడకు ఒరిగి కూసుండి మోకాలు మీద వేళ్లతోని కొడుతుండె, మగ్గంల నాడె అటువోయి ఇటొచ్చినట్టు టక్కు టక్కు మని, ఆయనకు తెల్వకుంటనే కొడుతుండె, ఓనాడు దానికి మాటలొచ్చినయ్, ఏం మాటలో ఇప్పుడు యాదికి లెవ్వు గని ఆ చప్పుడు నా చెవుల్ల ఇంకా ఉన్నది.

పరకాల అక్క:
అన్నా మూడో పాదం చదివి ఫోన్ పక్కకు వెట్టి కాసేపు కూసున్న. రెండో పాదంల పోగు-మూగ ప్రాసయతి మస్తు కుదిరింది. ఒక్కటే మాట. ఆసు, అంటె నూలు పోసుకునే చట్రం, చేనేత ఇంట్ల ఉంటది, మిల్లుల ఉండది గదా? మొదటి పాదంల మిల్లు అని రెండోదాంట్ల ఆసు అంటె పని తెలిసినోల్లకు ఎక్కడనో తట్టుకుంటది. సిరిసిల్ల దిక్కు మరమగ్గాన్ని సాంచె అంటరు చూడు, "పోగు లేక సాంచె మూగవోయె" అంటె గణం గూడ చెడది.

కొత్తవాడ అన్న:
అవును అక్కా. ఆసు మా అమ్మది, ఇంట్లది. నాయినకు సాంచెనే. రెండూ కలిపేసిన.

నర్సంపేట నుంచి:
నాది మొదటిసారి.

వాన పడక చేను ఎండిపోయిన యేడు
అప్పులోల్లు వచ్చి అడగబట్టె
కలుపు తీయబోయి కైకిలోల్ల నడుమ
పాట రాని నోట పాట పుట్టె

భీమారం సారు:
అమ్మా, మూడో పాదం ఎంత బాగొచ్చిందో నీకు తెలుసో లేదో. సొంత చేను ఎండితె పక్కోల్ల చేన్ల కైకిలికి పోవుడు, అక్కడ పదిమంది ఆడోల్ల నడుమ గొంతు కలుపుడు, ఇదంత మూడు మాటల్ల చెప్పినవ్. మొదటి పాదంల మాత్రం యతి తప్పింది. వా కు ఎ తోని కుదరది. చేన్ల ఏం వేసిండ్రు?

నర్సంపేట నుంచి:
పత్తి సార్.

భీమారం సారు:
ఐతె అదే రాయి. "వాన లేక పత్తి వాడిపోయిన యేడు". చేను అంటె ఏ చేనైనా కావచ్చు, పత్తి అంటె మీ ఇల్లు కండ్లకు కట్టింది, యతి గూడ దానంతటదే వచ్చింది.

హుజూరాబాద్ నుంచి:
నేను పాట అన్న మాటనే వేరేగ వట్టుకున్న. చిట్టీల పాట పాడుతరు గదా, నేను పాడిన ఒకటే పాట అది.

చేయి సాచలేక చీటీల కాడికి
పోయి కూసునంగ బుగులు వట్టె
అక్కరొచ్చి తరుమ ఐదువేలని అంటి
పాట రాని నోట పాట పుట్టె

పరకాల అక్క:
సమస్యకు అసలైన విరుపు ఇది. అక్షరం మార్చలే, అర్థం మారింది. బుగులు అన్న మాట పద్యంల చూసి ఎన్నేండ్లాయెనో. ఆ ఐదువేలు ఇడిసినప్పుడు గొంతు ఎట్ల వణికిందో చదువుతుంటెనే ఎరుకైతున్నది.

భీమారం సారు:
హన్మకొండ తమ్మీ, ఇవన్ని చదివినవ్ గదా. ఎవ్వలు గూడ మాట కోసం ఎదురు చూడలే. జోకొట్టే చెయ్యి, మోకాలు మీద వేళ్లు, కలుపు తీసే వరుస, ముందు నడక దొరికింది వాల్లకు. మన పాలకుర్తి సోమన బసవపురాణం ద్విపదల ఎందుకు రాసిండు? జనం నోట్ల ఆడే నడక అది, పాదానికి మూడు ఇంద్రగణాలు ఒక సూర్యగణం, పాడుకుంట పోవచ్చు. నువ్వు బాణీ కోసం పాత పాటల్ల దేవులాడకు. ఆ వార్డుల నీ పక్కన ఏం చప్పుడైతున్నదో విను.

హన్మకొండ నుంచి:
సార్, మీరు రాసిన రాత్రే సప్పుడు గాకుంట కూసున్న. ఫ్యాను, దూరంగ ఎవరిదో దగ్గు, ఇంకేం లేదు. నర్సమ్మ సెలైను నిమిషానికి 20 చుక్కలు వెట్టి పోయింది, అంటె మూడు సెకండ్లకొకటి. దానికి చప్పుడు ఉండది గని చూస్తుంటె కండ్లకు దరువు తెలుస్తది. ఒక చుక్క పడి ఇంకోటి పడేలోపు ఎన్ని మాటలు వడతయో లోపల అనుకుంట కూసున్న, మూడు మాటలు, చివర ఉయ్యాలో అని సాగదీస్తె సరిగ్గ చుక్క పడుతున్నది. పొద్దుగాల నాలుగింటికి పెన్ను మూత తీసిన. ముందు పద్యం చూడుండ్రి.

అమ్మ మంచమందు అలిసి పండిన రాత్రి
చుక్క చుక్క మందు చూసుకుంట
దరువు దొరికె నాకు దాని జాడను బట్టి
పాట రాని నోట పాట పుట్టె

పరకాల అక్క:
తమ్మీ, ఇంట్ల మాటలే రాయుమని నువ్వే అన్నవ్, మంచమందు అని నువ్వే రాసినవ్. మన ఇండ్లల్ల ఎవరంటరు మంచమందు అని? "అమ్మ వార్డులోన" అను. గణాలు అవే, దవాఖాన గూడ కనవడుతది. మిగతా మూడు పాదాలు ముట్టుకోకు. పాట ఏది?

హన్మకొండ నుంచి:
వార్డులోన, బాగున్నది అక్కా, మార్చిన. పాట ఇంకా మొదలే ఉన్నది.

చుక్కకో మాటాయె ఉయ్యాలో
మాటకో పూవాయె ఉయ్యాలో
అమ్మ కండ్లు తెరిచె ఉయ్యాలో
తెల్లవారొచ్చింది ఉయ్యాలో

నిన్న అమ్మను ఇంటికి తెచ్చినం. గొంతు ఇంకా లేస్తలేదు. ఇది పాడి వినిపిస్తె సూది గుచ్చిన చెయ్యి వాచి ఉన్నది గద, దాన్ని ఒళ్లో వెట్టుకొని రెండో చేత్తోని మంచం పట్టె మీద కొట్టింది. నేను పాడినదాని కంటె కొంచెం జోరుగ.

భీమారం సారు:
ఐతె అమ్మ కొట్టిన జోరుకే కట్టు. నాలుగో పాదంల "తెల్లవారొచ్చింది" కాడ నడక ఆగుతున్నది, పాడుకుంట సరిచెయ్యి.